వెనక యాక్సిల్ మార్చేముందు: విరిగితే ఏది విరగాలి?

ఆఫ్‌రోడ్ బండికి వెనక యాక్సిల్ మార్చాలి అనగానే అందరూ వేసే మొదటి ప్రశ్న "అన్నిటికంటే గట్టిది ఏది?" అని. జవాబు చెప్పడం తేలికే, కానీ దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. గట్టిదే కావాలంటే లారీ యాక్సిల్ తెచ్చి బిగించెయ్యొచ్చు. అప్పుడు యాక్సిల్ విరగదు, దాని ముందున్న ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని యాక్సిల్‌కి చేర్చే పొడవాటి గొట్టం) మెలితిరుగుతుంది. దాన్ని కూడా గట్టిది వేస్తే, ముందు వెనక యాక్సిళ్ళకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పగులుతుంది. ఇంజన్ నుంచి టైరు దాకా ఉన్న ఈ వరసలో ఎక్కడో ఒకచోట బలహీనమైన ముక్క ఉండే తీరుతుంది. అది ఎక్కడుండాలో మనమే ముందు తేల్చుకోవాలి, మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే. నా వరకు అది ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి వెనక చివరనుండే యూనివర్సల్ జాయింట్ (వాలుగా ఉన్నా తిరగనిచ్చే కీలు) లోపలి క్రాస్. బండి కింద పడుకుని, స్పానర్లూ సుత్తీ ఉంటే, బురదలో కూడా మార్చుకోవచ్చు. స్పేర్‌ది సీటు కింద పడేసి ఉంచుకుంటే చాలు. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో గేర్లుండే భాగం) లోపల, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుని తిప్పే చిన్న గేరు, అంటే పినియన్, దాని పన్ను ఊడితే మాత్రం అక్కడ కూర్చుని చేయగలిగేది ఏమీ లేదు.

నా పికప్ సంగతి చెప్తాను, ఎందుకంటే కింద రాసేదంతా దాన్ని దృష్టిలో పెట్టుకునే. వెనక స్ప్రింగులుగా కమాను పట్టీలు, సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ (అదేంటో కింద చెప్తాను), ఫ్యాక్టరీ నుంచి 31 అంగుళాల టైర్లు, 3.73 రేషియో, అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి. ఇప్పుడు 33 మీద తిరుగుతోంది, 37కి వెళ్ళాలని నిర్ణయం అయిపోయింది. టైరు ముందు, యాక్సిల్ తర్వాత. ఈ వరస తిరగబడితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ఇవాళ ఉన్న టైరుకి సరిపోయే యాక్సిల్ కొని, ఏడాది తిరక్కుండానే టైరు పెంచి, మళ్ళీ యాక్సిల్ వెతుక్కునేవాళ్ళు చాలామంది ఉన్నారు. చివరికి ఏ టైరు దగ్గర ఆగుతారో మనసులో ఖాయం చేసుకుని, దానికి తగ్గ యాక్సిల్ చూసుకోండి.

టైరుకీ యాక్సిల్‌కీ అంత సంబంధం ఎందుకంటే, యాక్సిల్ లోపల చక్రాన్ని తిప్పే షాఫ్ట్ మీద పడే బలాన్ని తేల్చేది చాలాసార్లు ఇంజన్ కాదు, టైరు పట్టు. ఒక లెక్క చూడండి. 300 న్యూటన్ మీటర్ల ఇంజన్, ఫస్ట్ గేరు 4, ట్రాన్స్‌ఫర్ కేసులోని లో రేంజి 2.7, యాక్సిల్ రేషియో 4.56 అనుకుందాం. అన్నీ గుణిస్తే వెనక యాక్సిల్ దగ్గర 14,700 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అంత టార్క్ (మెలితిప్పే బలం) నిజంగా షాఫ్ట్‌కి చేరదు, అంతకంటే ముందే టైరు జారిపోతుంది. ఎంత దగ్గర జారుతుందన్నదే అసలు సంగతి. ఒక చక్రం మీద వెయ్యి కిలోల బరువుంది, రాయి మీద పట్టు బాగా దొరికింది అనుకుంటే, 31 అంగుళాల టైరు సుమారు 3,600 న్యూటన్ మీటర్ల దగ్గర జారుతుంది. అదే బరువు, అదే రాయి, 37 అంగుళాల టైరు అయితే 4,300 దాకా పట్టుకునే ఉంటుంది. అంటే ఇంజన్ని ముట్టుకోకుండా, టైరు మార్చినందుకే షాఫ్ట్ మీద భారం దాదాపు అయిదో వంతు పెరిగింది. దీనికి తోడు నిటారు ఎక్కుడులో బండి బరువంతా వెనక్కి వాలుతుంది, లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా పట్టి ఉంచే పరికరం) వేసి ఉంటే నేలకి గట్టిగా అదుముకున్న ఒక్క చక్రానికే మొత్తం టార్క్ పోతుంది. అందుకే ముందు యాక్సిల్‌లో ఎన్నాళ్ళైనా బతికే షాఫ్ట్ వెనక వేస్తే త్వరగా పోతుంది.

ఇక షాఫ్ట్ మందం. మెలిక తట్టుకునే శక్తి మందానికి ఘనంలో పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల షాఫ్ట్ బదులు 38 వేస్తే మందం పెరిగింది పావు వంతు పైన మాత్రమే, బలం మాత్రం రెట్టింపు. డానా 35 అనే యాక్సిల్లో ఉండే 27 స్ప్లైన్ల (షాఫ్ట్ చివర పొడవునా చెక్కిన పళ్ళ) షాఫ్ట్ 1.18 అంగుళాలు, అంటే ఆ 30 మిల్లీమీటర్లే. డానా 44 వెనక షాఫ్ట్ 30 స్ప్లైన్లతో 1.31 అంగుళాలు. 35 స్ప్లైన్ల షాఫ్ట్ అంటే ఒకటిన్నర అంగుళం. క్రౌన్ వీల్ సైజు గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు గానీ, నేను మొదట అడిగేది స్ప్లైన్లు ఎన్ని, షాఫ్ట్ మందం ఎంత అనే. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి ఉక్కు) షాఫ్ట్ వేస్తే అదే మందంలో ఇంకొంత బలం వస్తుంది, నిజమే. కానీ మందం తక్కువైన యాక్సిల్‌కి ఖరీదైన క్రోమోలీ షాఫ్టులు పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఆ డబ్బుకి కొంచెం కలిపితే పెద్ద యాక్సిలే వస్తుంది.

విరగబోయే షాఫ్ట్‌ని ఎప్పుడైనా బయటికి లాగి చూశారా? మంచి ఉక్కు ఒక్కసారిగా పుటుక్కున తెగదు, ముందు మెలితిరుగుతుంది. సరళరేఖల్లా ఉండాల్సిన స్ప్లైన్లు తాడు పేనినట్టు ఒక పక్కకి వాలిపోయి ఉంటాయి. అలాంటి షాఫ్ట్ లోపలికి ఇంకా దూరుతోంది కదా అని మళ్ళీ బిగించకండి. తెగిందంటే స్ప్లైన్లున్న ఆ చిన్న ముక్క, డిఫరెన్షియల్ లోపల అది దూరే సైడ్ గేరులోనే ఇరుక్కుపోతుంది. దాన్ని పొడవాటి కడ్డీకి అయస్కాంతం కట్టి ట్యూబులోంచి లాగాలి, లేకపోతే అవతలి షాఫ్ట్ తీసేసి అటునుంచి ఊచతో పొడిచి బయటికి తోయాలి. అంతా అయ్యాక కవర్ తీసి, అడుగున రాలిన ఇనప రవ్వలు కడగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, సెమీ ఫ్లోటింగా ఫుల్ ఫ్లోటింగా అన్నది. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్ట్ రెండు పనులు చేస్తుంది. చక్రాన్ని తిప్పడమూ దాని పనే, బండి బరువు మొయ్యడమూ దాని పనే. చక్రం నేరుగా షాఫ్ట్ చివర అంచుకే బిగించి ఉంటుంది. వీటిలో సీ-క్లిప్ రకం ఇంకో మెట్టు కింద, ఎందుకంటే అక్కడ షాఫ్ట్‌ని లోపల పట్టి ఉంచేది డిఫరెన్షియల్ లోపలున్న చిన్న క్లిప్పు మాత్రమే. షాఫ్ట్ మధ్యలో విరిగితే చక్రంతో సహా బయటి ముక్క హౌసింగ్‌లోంచి (యాక్సిల్ బయటి డొల్లలోంచి) జారి వచ్చేస్తుంది. డిస్క్ బ్రేకులుంటే కాలిపర్ కాసేపు ఆపుతుంది, అంతే. వాలు మీద ఉండగా ఇది జరిగితే ఎలా ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు. ఫుల్ ఫ్లోటింగ్‌లో హౌసింగ్ చివర స్పిండిల్ అనే బోలు కడ్డీ, దాని మీద రెండు బేరింగులతో హబ్, ఆ హబ్‌కి చక్రం. బరువంతా వీటి మీదే. షాఫ్ట్ పని తిప్పడం ఒక్కటే. అది విరిగితే చక్రం ఎక్కడికీ పోదు. జాకీ కూడా ఎత్తకుండా హబ్ మీది ఫ్లాంజ్ బోల్టులు ఊడదీసి, షాఫ్ట్ ముక్క లాగేసి, ఆయిల్ కారకుండా, మట్టి పోకుండా ఆ కన్నం ఏదో ఒకదానితో మూసి, ముందు యాక్సిల్ మీద ఇంటికి రావొచ్చు. వెనక లాకర్ ఉంటే అవతలి వెనక చక్రం కూడా సాయం చేస్తుంది. ఓపెన్ డిఫరెన్షియల్ అయితే విరిగిన వైపు నుంచే బలమంతా గాలికి పోతుంది, అవతలి చక్రం కదలదు.

నా మటుకు 35 అంగుళాల దాకా మంచి సెమీ ఫ్లోటింగ్ చాలు. అంతకంటే పెద్ద టైరైతే ఫుల్ ఫ్లోటింగ్ తప్ప ఇంకోటి చూడను. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, 37 మీద సెమీ ఫ్లోటింగ్‌తో హాయిగా తిరిగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బండ్లు సాధారణంగా తేలిక, పైగా కుడికాలు అదుపులో ఉంటుంది.

ఇక పేర్లు. ఫోర్డ్ 8.8 అంటే చాలామందికి 1995 నుంచి 2001 దాకా ఎక్స్‌ప్లోరర్లో వచ్చినదే గుర్తొస్తుంది. 31 స్ప్లైన్ల షాఫ్టులు, డిస్క్ బ్రేకులు, 5 బోల్టులు 4.5 అంగుళాల వృత్తం మీద. పాత జీప్ చెరోకీ, రాంగ్లర్ చక్రాలదీ అదే కొలత కాబట్టి వాళ్ళకి ఇది వరం. లోపాలు రెండు. సీ-క్లిప్ రకం కావడం ఒకటి. ట్యూబులు మధ్యలో ఉన్న పోత ఇనప డబ్బాకి నొక్కి పెట్టి అక్కడక్కడ ప్లగ్ వెల్డింగ్ చేసినవి మాత్రమే కావడం రెండోది, గట్టి దెబ్బకి ట్యూబు పోతలో తిరిగిపోగలదు. అందుకే బిగించే ముందే చుట్టూ వెల్డింగ్ చేయిస్తారు. అటు పోత ఇనుము, ఇటు ఉక్కు, కాబట్టి ముందు వేడి చేసి, నికెల్ రాడ్‌తో కొంచెం కొంచెంగా వేసి, నిదానంగా చల్లారనివ్వాలి. మామూలు రాడ్‌తో గబగబా లాగించేస్తే అతుకు పక్కనే పగుళ్ళొస్తాయి.

ఫోర్డ్ 9 అంగుళాలది 1957 నుంచి 1986 దాకా తయారైంది, కొత్త భాగాలు ఇప్పటికీ బోలెడు. దీని అందమంతా గేర్ల గుండు ముందు నుంచి ఊడి రావడంలో ఉంది. బెంచీ మీద కూర్చుని సెట్ చేసుకుని తెచ్చి బిగించెయ్యొచ్చు. పినియన్‌కి లోపలి చివర కూడా బేరింగు ఉంటుంది కాబట్టి ఒత్తిడికి పక్కకి ఒరగదు. కానీ ఆ పినియన్ క్రౌన్ వీల్ మధ్యకంటే చాలా కిందుగా కూర్చుంటుంది. దాంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ మరీ వాలుగా, రాళ్ళకి దగ్గరగా వస్తుంది, పళ్ళ మధ్య రాపిడీ ఎక్కువే. ఎత్తు పెంచిన పొట్టి బండికి నేనైతే వెయ్యను.

జీఎం 14 బోల్ట్ మొండి సరుకు. కవర్‌కి 14 బోల్టులుంటాయి, పేరు అందుకే. 10.5 అంగుళాల క్రౌన్ వీల్, ఫుల్ ఫ్లోటింగ్, దీనికి కూడా పినియన్ లోపలి చివర మూడో బేరింగు. సైడ్ బేరింగుల బిగువు మరలు తిప్పి సరిచేసుకోవచ్చు, షిమ్‌లతో (సందు సరిచేసే పల్చటి రేకులతో) కుస్తీ లేదు. బలానికి ధరకి పోలిస్తే దీన్ని మించింది నాకు కనబడలేదు. అయినా వద్దనుకున్నాను. కారణం బరువు కొంత, నేల నుంచి ఎత్తు ఎక్కువ. 35 టైరు నుంచి 37కి వెళ్తే యాక్సిల్ కింద మనకి దొరికేది ఒక్క అంగుళమే, రెండు కాదు. 14 బోల్ట్ బొజ్జ ఆ అంగుళాన్ని మింగేసి ఇంకొంచెం అడుగుతుంది. అడుగు భాగం కోసేసి పలక అతికేవాళ్ళున్నారు, పని చేస్తుంది, కానీ కొన్న వెంటనే కొయ్యాల్సిన యాక్సిల్ నాకెందుకు అనిపించింది.

కాబట్టి డానా 60. 9.75 అంగుళాల క్రౌన్ వీల్, బొజ్జ కాస్త చిన్నది. ఇక్కడో తిరకాసుంది. డానా 60 అన్న పేరు చూసి కొనకండి. ఇందులో సెమీ ఫ్లోటింగ్‌వీ ఉన్నాయి. ఫుల్ ఫ్లోటింగ్‌లో కూడా 30 స్ప్లైన్లవీ ఉన్నాయి, వాటి షాఫ్ట్ మందం డానా 44 అంతే. డానా 60 కొన్నామని సంబరపడి డానా 44 షాఫ్టులు మోసుకొచ్చినట్టన్నమాట. తర్వాత 35 స్ప్లైన్లకి మార్చుకోవచ్చు, కానీ స్పిండిల్ కన్నం పట్టకపోతే బోరు చేయించాలి, సైడ్ గేర్లూ మార్చాలి. నేను చూస్తున్నది మొదటి నుంచీ 35 స్ప్లైన్లతో ఉన్నదే.

ఇంకో మాట, పినియన్ ఎత్తుగా ఉండే రకాన్ని షాఫ్ట్ వాలు తగ్గుతుందని వెనక వెయ్యాలనిపిస్తుంది. ముందు యాక్సిల్ కోసం కోసిన ఆ గేర్లు వెనక పెడితే బండి ముందుకి వెళ్ళేటప్పుడు పంటి వెనక ముఖం మీద బలం పడుతుంది. అది బలహీనమైన ముఖం. తేలిక బండికి పరవాలేదు, నా దానికి కాదు.

రేషియో లెక్క సులువు. పాత రేషియోని కొత్త టైరు సైజుతో గుణించి పాత సైజుతో భాగించండి. నాకు 3.73 ని 37తో గుణించి 31తో భాగిస్తే 4.45 వచ్చింది. దగ్గర్లో దొరికేది 4.56. దాంతో డైరెక్ట్ గేరులో గంటకి 100 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ సుమారు 2,570 తిరుగుతుంది, పాత టైర్లతో 2,510 తిరిగేది, అంటే మనసుకి తేడా తెలియదు. 3.73నే ఉంచేస్తే అదే వేగానికి 2,100 దగ్గర ఈడుస్తుంది, ఎక్కుడులో గేరు మార్చుకోలేక చస్తాం. ఇంకా పెంచి, 5.13 దాకా పోవాలన్న ఉబలాటం కొందరికి ఉంటుంది. డానా గేర్లలో 4.10 అంటే పినియన్‌కి 10 పళ్ళు, క్రౌన్‌కి 41. 4.56 అంటే 9 పళ్ళు, 5.13 అంటే 8. పళ్ళు తగ్గేకొద్దీ పినియన్ తల చిన్నదవుతుంది, బలం తగ్గుతుంది. ముందు యాక్సిల్‌కి కూడా అదే రేషియో వెయ్యాలి అన్నది వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే బడ్జెట్ వేసుకునేటప్పుడు అది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. రేషియో తేలకుండా లాకర్ కొనకండి కూడా. డానా 60లో 4.10, దానికంటే తక్కువవాటికి ఒక కేరియర్ (క్రౌన్ వీల్ బిగించే గూడు, లాకర్ కూర్చునేది ఇక్కడే), 4.56, ఆ పైవాటికి ఇంకో కేరియర్. డానా 44లో ఆ గీత 3.73కీ 3.92కీ మధ్య ఉంటుంది.

లాకర్ గురించి పెద్దగా రాయను. రోడ్డు మీద కూడా రోజూ నడిపే బండికి అవసరమైనప్పుడు మాత్రమే పట్టే ఎయిర్ లాకరో ఎలక్ట్రిక్ లాకరో మంచిది. తనంతట తానే పట్టే డిట్రాయిట్ లాకర్‌కి గొట్టాలూ వైర్లూ లేవు, నమ్మకమైనది, కానీ మలుపుల్లో టకటకమంటుంది, తడి రోడ్డు మీద వెనక భాగం కాస్త విసిరినట్టు అనిపిస్తుంది. అది మీకు ఓకే అయితే ఓకే.

కొనే ముందు వెడల్పు కొలవండి, చక్రం ఆనే ముఖం నుంచి అవతలి వైపు ముఖం దాకా. ముందు యాక్సిల్‌తో ఒకటి రెండు అంగుళాలు తేడా ఉంటే నష్టం లేదు. బోల్టుల వృత్తం మాత్రం ముందూ వెనకా ఒకటి కాకపోతే రెండు స్టెప్నీలు మొయ్యాలి. డానా 60 హబ్‌లు చాలావరకు 8 బోల్టులు, 6.5 అంగుళాల వృత్తం. నా ముందు యాక్సిల్‌ది 6. కొన్నాళ్ళు ఆ తలనొప్పి తప్పదు, చూద్దాం. డ్రమ్ముల స్థానంలో డిస్కులొస్తే బ్రేకు ఒత్తిడి పంపకం మారుతుంది, ప్రొపోర్షనింగ్ వాల్వ్ సరిచెయ్యాలి, హ్యాండ్ బ్రేకు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఏబీఎస్ ఉన్న బండి అయితే చక్రం వేగం చదివే సెన్సారు, పళ్ళ రింగు కొత్త హబ్ మీద ఎక్కడ కూర్చుంటాయో తేలేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. డాష్‌బోర్డు నిండా లైట్లు వెలుగుతాయి, స్టెబిలిటీ కంట్రోల్ పిచ్చెక్కిపోతుంది.

పాత యాక్సిల్ చూడ్డానికి వెళ్తే కవర్ తియ్యనివ్వమని అడగండి. తియ్యనివ్వని మనిషి దగ్గర నేను కొనను. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు పోయాయి, బేరింగులు మార్చుకునే ధర లెక్కేసుకోండి. క్రౌన్ పళ్ళ సంఖ్యని పినియన్ పళ్ళ సంఖ్యతో భాగిస్తే రేషియో తెలుస్తుంది, అమ్మేవాళ్ళ మాట, వేలాడే ట్యాగూ రెండూ నమ్మక్కర్లేదు. పినియన్ యోక్‌ని (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే చివరని) రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, కొంచెం కదిలినా బేరింగు పోయినట్టే. షాఫ్టులు రెండూ తీసి స్ప్లైన్లు తిన్నగా ఉన్నాయో లేదో చూడండి. ట్యూబు వంగిందో లేదో తెలియాలంటే ఒక చివర నుంచి చూస్తే చాలదు, నాలుగు వైపులా స్కేలు ఆనించి చూడాలి.

బిగింపులో అందరూ తొందరపడేది స్ప్రింగు కూర్చునే పీటల దగ్గర. వాటిని బెంచీ మీదే పూర్తిగా వెల్డ్ చేసెయ్యకండి. చిన్న చిన్న టాకాలు వేసి, యాక్సిల్ బండి కింద పెట్టి, టైర్లు తొడిగి, బండి పూర్తి బరువు నేల మీద ఆనాక పినియన్ కోణం కొలవండి. మామూలు ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే రెండు చివరలా ఒక్కో క్రాస్ ఉన్నదైతే, పినియన్ ట్రాన్స్‌ఫర్ కేసు అవుట్‌పుట్‌కి సమాంతరంగా, కమాను పట్టీల బండిలో ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచి ఉండాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కగానే పట్టీలు మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. పై చివర డబుల్ కార్డన్ (పక్కపక్కనే రెండు క్రాస్‌లున్న జాయింట్) ఉన్న షాఫ్ట్ అయితే లెక్క పూర్తిగా వేరు, పినియన్ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసు వైపే చూడాలి. ఈ రెండూ కలిపేసి కొలిచిన బండి రోడ్డు మీద ఒక వేగం దాటగానే వణుకుతుంది, ఆ వణుకుని టైర్ బ్యాలెన్సింగ్‌లో వెతుకుతూ తిరగాల్సి వస్తుంది. 37 టైర్లతో పట్టీల మెలిక ఎటూ ఎక్కువే కాబట్టి ఆ మెలికని ఆపే ట్రాక్షన్ బార్ కూడా వేస్తున్నాను.

గేర్ల సెటప్ నేను చెయ్యను, చెయ్యగలిగినవాళ్ళకి ఇస్తాను. కానీ పని అయ్యాక బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదులు) ఎంత పెట్టారో అడుగుతాను, కొత్త గేర్లకి సాధారణంగా 0.006 నుంచి 0.010 అంగుళం మధ్య వస్తుంది, పంటి మీద రంగు పూసి తీసిన అచ్చు ఫోటో కూడా అడుగుతాను. ఒక వర్క్‌షాపులో ఇలా అడిగితే "మేం చాలా బండ్లు చేశాం" అన్నారు, ఫోటో ఇవ్వలేదు. ఇంకో చోటికి వెళ్ళాను.

కొత్త గేర్లని మొదట్లో బరువు లాగించకుండా, ఒకే వేగంతో దూరం పోనివ్వకుండా, పావుగంటో ఇరవై నిమిషాలో నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, ఇలా నాలుగైదు సార్లు. 800 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చేయాలి. అప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద వేలు పెట్టి రాయండి. బూడిదరంగు పేస్టు మెత్తగా అంటితే అది పళ్ళు ఒకదానికొకటి అలవాటుపడిన గుర్తు, కంగారు లేదు. వేలికి గరుగ్గా రవ్వలు తగిలితే మాత్రం కొత్త ఆయిల్ పొయ్యకండి, కవర్ తియ్యండి.